రెక్కలసాల మీద నిప్పు

"మొసలితోనైనా సర్దుకుపోవచ్చు గాని దుగ్గమ్మా, మా మామగారితో వేగడం నావల్ల కాదు" అంది కువలయ.

అంది అంటే పెదాలతో అంది. రెక్కలసాలలో గొంతు విప్పడం నిషిద్ధం. అక్కడ పెరిగే అడవి పక్షిపిల్లలకు మనిషి గొంతు అలవాటు కాకూడదు. అలవాటైతే రేపు వేటగాడు పిలిచినా బుద్ధిగా వెళ్ళి వల్లో కూర్చుంటాయి. అందుకని అక్కడ మాటలన్నీ మూగమాటలే. పెదాలు ఆడాలి, చప్పుడు రాకూడదు. ఈ పద్ధతి ప్రతి కొంపలోనూ పెడితే ఎంత హాయి అని కువలయ చాలాసార్లు అనుకుంది.

"మళ్ళీ ఏటి సేసినాడు?" దుగ్గమ్మ పెదాలు అడిగాయి.

"ఊళ్ళో కోళ్ళన్నిటినీ కోయించారా? ఇప్పుడు తెల్లారగట్ల ఇంటిల్లిపాదినీ ఆయనే లేపుతున్నారు. కోడి నయం. కూసి ఊరుకునేది. ఈయన మంచం పక్కన నిలబడి, ఎందుకు లేవాలో కారణాలు చెబుతారు."

దుగ్గమ్మ చప్పుడు లేకుండా పొట్ట పట్టుకుని నవ్వింది. మడుగుల్లో పుట్టి మడుగుల్లో ముసలిదైన మనిషి. నోట్లో ఒక్క పన్ను లేదు. ఆమె మూగమాట తెలియాలంటే పెదాలు చూస్తే చాలదు, లోపల నాలుక ఎటు తిరుగుతోందో కూడా చూడాలి. కువలయకు ఆ విద్య పట్టుబడడానికి ఒక వానాకాలం పట్టింది. ఈలోగా "గుడ్డు" అంటే "గడ్డి" అనుకుని కొంగపిల్లలకు కసువు పెట్టిన రోజులూ ఉన్నాయి.

ఆ మామగారి పేరు గరుడనాయకుడు. కాంస్యపురి సేనాపతి. పక్షులను చంపే ఉద్యోగానికి ఆ పేరు అచ్చిరాదని ఎవరో సలహా ఇచ్చారు గాని, డాలు మీదా కత్తి పిడి మీదా అదే చెక్కించి ఉంది. మళ్ళీ ఎవరు గీకిస్తారని ఊరుకున్నాడు.

కాంస్యపురికి ఉత్తరాన కాటుకకొండ. దాని నెత్తిన నల్లరాతి కోట. కోటలో కరాళజంఘుడనే మాంత్రికుడు. కొండ దిగినప్పుడల్లా ఎదురైనవాళ్ళను రాళ్ళుగా మార్చి పోవడం వాడి వినోదం. కత్తి వాడిని కోయదు, నిప్పు కాల్చదు. ప్రాణం ఒంట్లో ఉంటే కదా! దాన్ని ఎక్కడో దాచాడు. ఎక్కడో కనుక్కుని వస్తానని వంటవాడి వేషంలో కోటలో చేరాడు గరుడనాయకుడి ఒక్కగానొక్క కొడుకు, కువలయ భర్త, జయకేతు. కనుక్కున్నాడు. గుర్రమెక్కి కొండ దిగుతుండగా మాంత్రికుడి చూపు వెనకనుంచి తగిలింది. పాదాలు రాయయ్యాయి. ఊరి పొలిమేరలో తండ్రి చేతుల్లోకి ఒరిగేసరికి రాయి నడుము దాటి, గుండె దాటి, గొంతుకు పాకుతోంది. 

"నాన్నా, వాడి ప్రాణం ఉన్నది పిట్ట..."

అంతే. రాయి నోటికి వచ్చేసింది.

ఏ పిట్టో చెప్పలేదు. చెప్పలేదు గనక అన్నిటినీ చంపితే సరిపోతుందని గరుడనాయకుడు తీర్మానించాడు. మాంత్రికుడు చచ్చిన క్షణాన కొడుకు మళ్ళీ మనిషవుతాడు. రాజు సరేనన్నాడు. మొదట చిలుకలు పోయాయి, మాంత్రికుల ప్రాణాలకు అది పాత చిరునామా గనక. తరువాత గోరింకలు, గువ్వలు, నెమళ్ళు, కాకులు. పొలం మీద పిట్ట లేకపోయేసరికి మిడతలు దిగాయి. పైరు పోయింది. ఆకలికి పసివాళ్ళు పోయారు. వాళ్ళ పేర పిండం పెట్టి కాకి కోసం తల ఎత్తితే, ఆకాశం తుడిచిన పళ్ళెంలా ఉంది. పిండాలు ఎండి రాళ్ళయ్యాయి. మాంత్రికుడు మాత్రం చావలేదు. "అయితే ఇంకా ఏదో పిట్ట మిగిలే ఉంది" అనేవాడు గరుడనాయకుడు.

మిగిలినవాటిని బతికిస్తున్నది సొంత కోడలేనని ఆయనకు తెలియదు. మొగుడి కోసం మడుగు ఒడ్డున దీపం పెట్టే మొక్కు ఉందని ఆమె ఇంట్లో చెప్పిన అబద్ధం.

ఆ మడుగు మామూలు మడుగు కాదు. కనుచూపు మేర తుంగ, జమ్ము, వాటి మధ్య వెండి తీగల్లా పాయలు. నీటిమీద కలువలు తెరిచిన కళ్ళలా ఉంటే, నీటి కింద మొసళ్ళు మూసిన కళ్ళతో ఉండేవి. ఆ జమ్ము నడుమ, ఏ కాలంలో ఏ సముద్రం అక్కడిదాకా వచ్చిందో గాని, తిరగబడిన పాత ఓడ ఒకటి ఉంది. పొట్ట పైకి, నాచుతో పచ్చగా, పక్కటెముకల సందుల్లోంచి వెలుతురు గీతలు గీతలుగా దిగుతూ. అదే రెక్కలసాల. లోపల ఒక మూల రెక్క విరిగిన గద్ద, అరటినారతో రెక్కను ఒంటికి కట్టించుకుని, పెళ్ళిలో కోపం వచ్చిన బావగారిలా మొహం తిప్పుకుని కూర్చుంది. ఇంకో మూల వెదురుబద్దల కట్టుతో ఒంటికాలి మీద కొంగ. చూపు పోయిన గుడ్లగూబ. వల కోసిన మెడతో నీటికోడి. రోజూ ఉదయం వచ్చేసరికి వాటిలో ఏదో ఒకటి చచ్చి ఉండేది. దుగ్గమ్మ దాన్ని తుంగాకులో చుట్టి పాయలో వదిలేది. పేర్లు పెట్టకపోవడంలో ఉన్న సుఖం అదొకటి.

ఆ పూట మాత్రం ఇద్దరి కళ్ళూ బెగ్గురు కొంగల పిల్లల మీదే ఉన్నాయి. తల్లిదండ్రులను సైన్యం నిప్పు పెట్టి చంపితే, గూటిలో వణుకుతూ దొరికిన పిల్లలు. ఇప్పుడు కువలయ భుజం దాకా పెరిగాయి. రెక్కలు వచ్చాయి గాని ఎగరడం రాదు, ఎగిరి చూపించే తల్లి లేదు గనక. ఒకదానికి రెక్క ఈకలు సగానికి కాలిపోయాయి. కాలిన ఈకలను మొదలు దగ్గర కోసి, బోలుగా ఉన్న ఈనెల్లో వెదురు పుల్లలు దూర్చి, రాలిన పాత ఈకలను లక్కతో అతికించింది కువలయ. చిరిగిన పట్టుచీరకు కూడా ఆమె అంత ఓపిగ్గా మాసిక వేయలేదు. పేరు పెట్టకూడదు గనక దాన్ని అతుకులది అని మాత్రం అనుకునేవారు.

చలికాలం మొదలయ్యే ఈ రోజుల్లో అడవి బెగ్గురు గుంపు ఒకటి మడుగు మీదుగా దక్షిణానికి పోతుంది. సైన్యానికి చిక్కకుండా మేఘాలంత ఎత్తున పోతుంది. దానితో కలిస్తే పిల్లలు బతుకుతాయి. లేకపోతే మళ్ళీ గుంపు వచ్చేదాకా సైన్యం మడుగును మిగలనివ్వదు.

మిట్టమధ్యాహ్నం ఆకాశంలోంచి బూరలు ఊదినట్టు కేకలు వినిపించాయి.

కువలయ బూడిదరంగు దుప్పటి తలమీదినుంచి కప్పుకుంది. కుడిచేతికి కొయ్యతో చేసిన బెగ్గురు తల తొడుక్కుంది. పొడుగాటి ముక్కు, ఎర్రటి నెత్తి. ఊహ తెలిసినప్పటినుంచి పిల్లలు తల్లిగా చూసింది ఆ కొయ్య ముక్కునే. అది కదలగానే అన్నీ లేచి వెంట నడిచాయి.

అదే క్షణాన ఉత్తరపు గట్టు మీద కొమ్ము మోగింది. కాంస్యపురి దాడికొమ్ము.

"జమ్ముకి నిప్పెట్టేసినారు!" దుగ్గమ్మ పెదాలు గబగబా ఆడాయి. "గాలి ఇటే ఉంది."

"నువ్వు పడవ ఎక్కు."

"ఎక్కి? ఎగరలేనోటి సంగతో? నువ్వు ఎగిరేవాటిని ఎల్లగొట్టు. నాను కూకుంటాను."

వాదించడానికి వ్యవధి లేదు. కువలయ ఇసకతిన్నె మీదికి దూకింది. దుప్పటిని రెండు చేతులా రెక్కల్లా చాపి, కొయ్య ముక్కు ఆకాశానికి ఎత్తి, గాలికి ఎదురుగా పరుగెత్తింది. వెనకే పిల్లలు. పొడుగాటి కాళ్ళు తడబడుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ, రెక్కలు తపతపలాడిస్తూ. ఎడమవైపు జమ్ము చిటపటలాడుతూ పసుపు నాలుకలు చాచింది. కుడివైపు తుంగలోంచి వలలు పట్టుకుని సైనికులు లేచారు.

"ఓరి నాయనో! అదేం బెగ్గురురా, మడిసంత ఉంది!"

"మాంత్రికుడి పానం అందులోనే ఉంటాది! కొట్టండ్రా!"

బాణం వచ్చి కొయ్య ముక్కును చీల్చింది. ఇంకోటి దుప్పటిని చింపుకుపోయింది. మూడోది గురి తప్పలేదు. పక్కనే పరుగెత్తుతున్న పిల్ల ఒకటి, మెడ వెనక్కి వాలి, ఇసకలో దొర్లింది. కువలయ ఆగలేదు. ఆగితే మిగతావీ ఆగుతాయి. పళ్ళు బిగబట్టి పరుగెత్తింది. తిన్నె చివర ఒక పిల్ల పాదాలు నేలను వదిలాయి. ఆ తరువాతది లేచింది. ఆ తరువాత గుంపు మొత్తం, సైనికుల తలల మీదుగా, పొగ మీదుగా, పైనున్న కేకల వైపు. 

అతుకులది మాత్రం లేవలేదు. రెక్కలు కొట్టింది, ఎగిరింది, పడింది. మళ్ళీ కొయ్య తల వైపు పరుగెత్తుకు వచ్చింది.

దాన్ని తరమాలని కువలయ పక్కకు తిరిగింది. అడుగు వేసిన చోట నేల లేదు. ఊబి. మోకాళ్ళు, తొడలు, నడుము. కాలు పీకితే ఇంకాస్త లోపలికి లాగుతోంది. కొంచెం దూరంలో రెండు మొసళ్ళు, భోజనానికి పిలుపు వచ్చినట్టు, నింపాదిగా నీట్లోంచి లేచాయి.

గట్టుమీద రథచక్రాల చప్పుడు అయింది. 

రథంలో ముందు గరుడనాయకుడు, చేత బల్లెం. వెనక, తాళ్ళతో కట్టి నిలబెట్టిన రాతిమనిషి. ముఖానికి పట్టుగుడ్డ. జయకేతు. ప్రతి వేటకూ ఆయన కొడుకును వెంట తెచ్చేవాడు. ఆ పిట్ట చచ్చిన క్షణాన కళ్ళు తెరిస్తే ఎదురుగా నాన్న ఉండాలని ఆశ. ముఖానికి గుడ్డ మాత్రం కొడుకు రాయైన రోజే కట్టాడు. చివరిమాట దగ్గర ఆగిపోయిన ఆ నోటిని చూసే ధైర్యం ఆయనకు లేదు, ఇంకెవరినీ చూడనివ్వలేదు. కట్టుకున్న పెళ్ళానికి కూడా ఆ ముఖం చూసే యోగం లేకపోయింది.

ఊబిలో కొట్టుకుంటున్న పెద్ద బెగ్గురును చూసి గరుడనాయకుడి కళ్ళు మెరిశాయి. బల్లెం ఎత్తాడు.

"మామగారూ, ఆగండి. నేను."

దుప్పటి జారింది. బల్లెం గాలిలో నిలిచిపోయింది.

"కువలయా?"

"అవునండీ."

"దీపం పెట్టే మొక్కు అన్నావు?"

"దీపం మీరు పెట్టించారుగా" అంది ఆమె, మండుతున్న జమ్ము వైపు చూపించి.

గరుడనాయకుడి ముఖం కందగడ్డ అయింది. "నా కొడుకు ప్రాణం తిరిగి రాకుండా ఇన్నాళ్ళూ అడ్డుపడింది నువ్వా? వాడి పెళ్ళానివై ఉండి!"

సైనికుడొకడు, సేనాపతి కోడలు మునిగిపోతే తరువాత తన్నులు ఎవరికో ఊహించుకుని, బల్లెం కర్ర చాపాడు. కువలయ అది పట్టుకుని ఇంకా మునగకుండా ఆగింది. ఇంకొకడు మొసళ్ళ మీదికి కొరకంచు విసిరాడు. 

అంతలో అతుకులది, తల్లి తల కనిపించక దిక్కుతోచక, ఆఖరిసారి రెక్కలు బలంగా కొట్టింది. ఈసారి గాలి పట్టింది. సోలుతూ లేచి, తిన్నగా రథం మీదికి వచ్చి, జయకేతు రాతి తలమీద వాలింది. కాలిగోళ్ళకు పట్టుగుడ్డ చిక్కుకుంది. గుంజుకుంటే గుడ్డ చిరిగి జారింది.

విలుకాళ్ళు బాణాలు ఎక్కుపెట్టి ఆగిపోయారు. గురి కాస్త తప్పితే సేనాపతి కొడుకు ముఖం పగులుతుంది.

కువలయ మొగుడి ముఖం చూసింది. కనుబొమ్మల మధ్య గీత. చెంపమీద మసాలా నూరినప్పుడు అంటిన మరక కూడా రాయైపోయి ఉంది. ఏడుపు వచ్చేదే. కానీ మూగమాట అలవాటైన కళ్ళు ముందు నోటిమీదికి వెళ్ళాయి. వెళ్ళి అక్కడే నిలిచిపోయాయి.

"మామగారూ, ఒక్కసారి పిట్ట అనండి."

"ఏమిటీ పరాచికం?"

"మీరు అనకపోతే మానండి. బాబూ, మీరు అనండి. అందరూ. పక్కవాడి నోరు చూస్తూ అనండి."

సైనికులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆడమనిషి ఊబిలో ఉంది, అడుగుతోంది. వలలు, బాణాలు, కత్తులు పట్టుకున్న అంతమంది మీసాలవాళ్ళూ మెల్లిగా మొదలుపెట్టారు. "పిట్ట. పిట్ట. పిట్ట."

"పెదాలు విచ్చుకుని ఊరుకున్నాయి కదా? ఇప్పుడు ఆయన పెదాలు చూడండి. గుండ్రంగా చుట్టుకున్నాయి. పిట్ట అనేశారు. ఆ తరువాతి మాటలోకి వెళ్ళారు."

గరుడనాయకుడు కొడుకు వైపు తిరగలేదు. "అవును, పిట్టలో ఉంది అనబోయాడు. లో అనబోయి ఆగిపోయాడు. అందులో వింతేముంది?"

"లో అనాలంటే నాలుక కొస పళ్ళ వెనక తగలాలి. ఇక్కడినుంచి నాకు కనిపించడం లేదు. మీరు చూడండి."

"చూడను."

"అయితే వేలు పెట్టి చూడండి. కన్నకొడుకే కదా, కరవడు."

పైన అతుకులది రెక్కలు సవరించుకుంటోంది. జమ్ములో మంట ఓడ వైపు పాకుతోంది. గరుడనాయకుడు బల్లెం కింద పెట్టాడు. తరువాత వెనక్కి తిరిగి, కళ్ళు మూసుకుని, చూపుడువేలు కొడుకు పెదాల మధ్య పెట్టాడు. చిన్నప్పుడు మట్టి తింటే నోట్లోంచి తీసినట్టే.

"నాలుక కింద పడుకుని ఉంది" అన్నాడు. "కొస ఎక్కడా తగలడం లేదు. వెనక మాత్రం ఎత్తుగా లేచింది."

"గో" అంది కువలయ. "పిట్టగో..."

"గూడు!" అరిచాడు ఆయన, మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు. "పిట్టగూడు! నేను కాల్చింది గూళ్ళనే!"

"గూ అంటే పెదాలు బిగుసుకుపోతాయి మామగారూ. మీ వేలు పట్టేది కాదు."

వెనక వరసలో చిన్నప్ప అనే సైనికుడు ఉన్నాడు. తాత ముత్తాతలు తాపీ పనివాళ్ళు. వాడు సేనాపతి ముందున్నానని మరచిపోయి పైకే అనేశాడు.

"పిట్టగోడ."

అందరూ వాడి వైపు తిరిగారు. వాడు కంగారుపడి డాలు అడ్డం పెట్టుకున్నాడు. "నా తప్పేం నేదండీ. కాటుకకొండ కోట మీద పిట్టగోడ ఉంటాది కదండీ. మా ఊరినుంచి కనపడతాది. ఎయ్యి దెయ్యాలు సాకిరీ సేసేవోడు, ఆ పిట్టగోడకి సున్నం మాత్రం తనే నిచ్చెనెక్కి ఏసుకుంటాడండీ. ఇంకోణ్ణి సెయ్యి ఎయ్యనివ్వడు. పిసినారి గాడనుకునేవోళ్ళం."

గోడ. ఒక గోడ. 

ఉత్తరాన కాటుకకొండ మీద, మబ్బులేని ఆకాశంలో, ఉరుము లాంటిదేదో దొర్లింది. ఎవరో ఎక్కడో తన రహస్యం వినపడి ఉలిక్కిపడినట్టు. సైనికులు చేతుల్లోని వలలను చూసుకున్నారు. వలల్లో ఈకలు ఉన్నాయి. ఇసకలో, మెడ వాల్చి పడి ఉన్న పిల్ల ఉంది. తమ ఇళ్ళలో వాకిట్లో ఎండిన పిండాలు ఉన్నాయి. ఎవరూ సేనాపతి ముఖం చూడలేకపోయారు.

"ఓడలో దుగ్గమ్మ ఉంది" అంది కువలయ. "ఎగరలేనివన్నీ అక్కడే ఉన్నాయి. మంట ఆపించండి మామగారూ."

గరుడనాయకుడి చెయ్యి తలపాగా దాకా వెళ్ళి ఆగింది. 

కాంస్యపురి సేనలో ఒక ఆచారముంది. దాడికొమ్ము ఒకసారి మోగాక, దాన్ని వెనక్కి తీసుకోవాలంటే ఆజ్ఞ ఇచ్చినవాడే తలపాగా తీసి, సేన వినేలా "తప్పాను" అనాలి. అప్పుడే కొమ్ముకాడు తిరుగుకొమ్ము ఊదుతాడు. అది వింటే తప్ప అవతలి గట్టుమీది దళం మంట ఆర్పదు. ఆ ఆచారం పుట్టిననాటినుంచి ఏ సేనాపతీ ఆ మాట పలకలేదు. అందువల్ల కాంస్యపురి మొదలుపెట్టిన ప్రతి యుద్ధాన్నీ చివరిదాకా చేసింది. వాటిలో కొన్ని గెలిచింది కూడా.

"మా వాడి ఆఖరి మాట అది" అన్నాడు గరుడనాయకుడు, ఎవరితోనో తెలియకుండా. "నా ఒళ్ళో అన్నాడు. నేనొక్కణ్ణే విన్నాను. దాని కోసమే ఇదంతా. ఆ మాట కూడా తప్పయితే నా దగ్గర వాడిదేం మిగిలింది?"

"మిగతా సగం మిగిలింది" అంది కువలయ. "దాన్ని పట్టుకుని కొండెక్కవచ్చు. ముందు ఆ మంట ఆపండి."

ఓడ మొన దగ్గర జమ్ము భగ్గుమంది. నాచు ఆవిరై తెల్లటి పొగ లేచింది. పొగలోంచి, రెక్కలసాల నియమం మరచి, దుగ్గమ్మ గొంతు వినిపించింది. కువలయ ఆ గొంతు వినడం అదే మొదటిసారి. సాయం కోసం కాదు. పక్షులను ఊరడిస్తోంది.

గరుడనాయకుడు తలపాగా తీశాడు. దాన్ని ఏం చేయాలో తెలియక రాతి కొడుకు పాదాల మీద పెట్టాడు. తలమీది అతుకులది మెడ వంచి, ఆయన నెరిసిన జుట్టును కుతూహలంగా చూసింది.

ఆయన పెదాలు కదిలాయి. మాట బయటికి రాలేదు.

రథం పక్కన కొమ్ముకాడు ఊదడానికి సిద్ధంగా బుగ్గలు నింపుకుని నిలబడ్డాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు. "వినపడలేదు దొరా" అన్నాడు. "సేన వినాలి."

"తప్పాను!"

మడుగంతా విన్నది. తుంగలో దాగిన నీటికోడి ఒకటి ఉలిక్కిపడి లేచింది. ఈసారి ఎవరూ దానిమీద బాణం వేయలేదు.

"తప్పానురా! నా బిడ్డ మాట పూర్తి చేయలేదు. నేను పూర్తి చేశాను. పిట్టల తప్పు లేదు, వాడి తప్పు లేదు, తప్పు నాది, ఊదరా, ఊదు, తప్పు నాది!"